సంతకం రోజున ఉన్న అవసరం పాతికేళ్ల తర్వాత ఉంటుందా? పెద్ద కంపెనీల పొత్తుల మీద ఒక ప్రసంగం

(చిన్న పరిశ్రమలు నడిపేవాళ్లు, ఎంబీఏ విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ పక్క ఫ్యాన్ కొంచెం తగ్గిస్తారా బాబూ... ఆఁ, ఇప్పుడు బాగుంది.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే పెద్ద పెద్ద కంపెనీలు ఒకదానితో ఒకటి పొత్తు పెట్టుకుంటాయి కదా, వాటిలో కొన్ని యాభై ఏళ్లు నడుస్తాయి, కొన్ని ఐదారేళ్లకే కోర్టు మెట్లెక్కుతాయి, ఎందుకలా అవుతుంది అని. మామూలుగా ఈ ప్రశ్న ఎవరినడిగినా నమ్మకం ఉండాలండీ, ఇద్దరి పద్ధతులూ కలవాలండీ అంటారు. నమ్మకం ఉండాలి, నేను కాదనను. కానీ ఒకరంటే ఒకరికి బోలెడు గౌరవం ఉన్నవాళ్లు కూడా విడిపోయారు, కోర్టుల్లో ఒకరి మీద ఒకరు కేసులు వేసుకున్నవాళ్లు మళ్లీ కలిసి దశాబ్దాలు వ్యాపారం చేశారు. మరి దానికేం చెప్తాం?

అందుకని నేను ఒక్కటే చూస్తాను. ఎవరికి ఎవరితో ఏం పని? ఆ పని ఎన్నాళ్లుంటుంది? సంతకం పెట్టిన రోజున ఇద్దరి దగ్గరా రెండోవాళ్లకి లేనిది ఏదో ఒకటి ఉంటుంది, లేకపోతే సంతకమే జరగదు. పదేళ్లు గడిచాక అది ఇంకా అలాగే ఉందా లేదా అన్నదాని మీదే కథ అంతా ఆధారపడి ఉంటుంది. ఈ సాయంత్రం చెప్పేది ఇదే, వేరే వేరే కంపెనీల్ని పట్టుకుని మళ్లీ మళ్లీ ఇదే చెప్తాను, ఓపిక పట్టండి.

సరే, మీలో ఎంతమంది ఇళ్లల్లో స్ప్లెండర్ ఉండేది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు పైనే. నాన్నగారిదో బాబాయిదో మేనమామదో, ఎవరో ఒకరిది. ఆ బండి ట్యాంక్ మీద హీరో హోండా అని ఉండేది, ఇప్పుడు కొనే బండి మీద హీరో అనే ఉంటుంది. ఆ రెండో పేరు ఎలా వచ్చింది, ఎలా పోయింది, అక్కడ మొదలుపెడతాను.

హీరో వాళ్లది లూధియానా. బ్రిజ్‌మోహన్ లాల్ ముంజాల్, ఆయన అన్నదమ్ములు సైకిల్ విడిభాగాలతో మొదలుపెట్టి 1956లో హీరో సైకిల్స్ పెట్టారు, 1986 నాటికి ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీ అని గిన్నిస్ బుక్‌లోకి ఎక్కారు. వాళ్ల దగ్గర ఏముంది? ఊరూరా డీలర్లు, తక్కువ ఖర్చుతో తయారుచేసే నైపుణ్యం, సప్లయర్లని ఇంటి మనుషుల్లా చూసుకునే అలవాటు. ఏం లేదు? మోటార్ సైకిల్ ఇంజిన్ లేదు. హోండాకేమో ప్రపంచంలోనే బెస్ట్ చిన్న ఇంజిన్లున్నాయి, కానీ ఇండియాలోకి సొంతంగా వచ్చే దారి లేదు, ప్రతిదానికీ ప్రభుత్వ అనుమతి కావాల్సిన లైసెన్స్ రాజ్యం, ఫెరా అనే విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం మామూలుగా విదేశీ కంపెనీకి 40 శాతం దాటి వాటా ఇచ్చే రోజులు కావు. 1984లో హీరో హోండా పుట్టింది, ఇద్దరికీ చెరో 26 శాతం. హర్యానాలో ధారూహెడా ఫ్యాక్టరీ నుంచి 1985లో సీడీ 100 బయటికొచ్చింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. అదే టైంలో హోండా ఇండియాలో ఇంకో పొత్తు కూడా పెట్టుకుంది, కైనెటిక్ వాళ్లతో. స్కూటర్లు కైనెటిక్‌కి, మోటార్ సైకిళ్లు హీరోకి. ఆ రోజుల్లో స్కూటర్‌దే రాజ్యం కాబట్టి చూసినవాళ్లంతా కైనెటిక్ వాళ్లకి మంచి వాటా వచ్చిందనుకునుంటారు. తర్వాత ఏమైంది? తొంభైల చివరికి దేశం మోటార్ సైకిల్ వైపు తిరిగిపోయింది. 1998లో హోండా కైనెటిక్ పొత్తు నుంచి బయటికెళ్లిపోయింది. అంటే మార్కెట్ ఎటు తిరుగుతుందో ఇద్దరు భాగస్వాముల్లో ఎవరి చేతిలోనూ లేదు.

హీరో హోండా ఎందుకు గెలిచింది? ఆ ఇంజిన్ ఫోర్ స్ట్రోక్. పోటీలో ఉన్న యమహా, సుజుకి, కవాసకి 100 సీసీ బళ్లు టూ స్ట్రోక్. అవి పికప్‌లో బాగుండేవి, కుర్రాళ్లకి యమహా ఆర్‌ఎక్స్ 100 అంటే ప్రాణం, ఇప్పటికీ ప్రాణమే, నాకు తెలుసు, నవ్వకండి. కానీ మైలేజీ, పొగ లెక్కకొచ్చేసరికి ఫోర్ స్ట్రోక్ ముందుంటుంది, అందుకే వాళ్లు ఒకసారి పెట్రోల్ పోయించి మర్చిపో అని ప్రకటన వేసుకున్నారు. 2000 సంవత్సరం కాలుష్య నిబంధనలు వచ్చేసరికి టూ స్ట్రోక్ పని దాదాపు అయిపోయింది. 1994లో వచ్చిన స్ప్లెండర్ దేశమంతా అల్లుకుపోయింది. 2001 నాటికి హీరో హోండా అమ్మిన బళ్ల లెక్కలో ప్రపంచంలోనే నంబర్ వన్ టూవీలర్ కంపెనీ.

ఇంత గెలిచిన పొత్తు ఎందుకు విడిపోయింది? ఓడిపోయిన పొత్తు విడిపోతే అందులో పెద్ద విశేషం లేదు. గెలిచి, లాభాలొస్తూ, డివిడెండ్లు పంచుకుంటూ ఉన్నవాళ్లు విడిపోయారంటే అక్కడ కూర్చుని ఆలోచించాలి.

మన దగ్గర కౌలు వ్యవసాయం అందరికీ తెలుసు. కౌలు రైతు ఎంత బాగా పండించినా, ఎన్ని బస్తాలు తీసినా పొలం పాస్‌బుక్‌లో పేరు వేరేవాళ్లది. హీరోది అదే పరిస్థితి. బండి తయారీ వాళ్లది, డీలర్లు వాళ్లు, అమ్మకాలు వాళ్లవి, ఇంజిన్ డిజైన్ మాత్రం జపాన్‌ది. ఆ డిజైన్ వాడుకున్నందుకు ప్రతి బండికీ రాయల్టీ కట్టాలి. ఇంకొకటి, ఎగుమతుల సంగతి. పక్క దేశాలు, ఇంకా ఒకటి రెండు చోట్లు తప్ప మిగతా ప్రపంచంలో అమ్మడానికి లేదు, ఎందుకంటే అక్కడ హోండా తనే అమ్ముకుంటోంది. ప్రపంచంలోకెల్లా పెద్ద టూవీలర్ కంపెనీ, ప్రపంచంలో అమ్మడానికి పర్మిషన్ లేదు! 1984లో ఈ షరతు ఎవరికీ బరువనిపించి ఉండదు, లూధియానా సైకిళ్ల కంపెనీకి అప్పుడు విదేశాల్లో మోటార్ సైకిళ్లు అమ్మాలన్న ఆలోచన ఎక్కడుంటుంది? పాతికేళ్ల తర్వాత అదే షరతు పీక మీద కత్తి అయింది.

అటు హోండా వైపు చూడండి, వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల లెక్క వాళ్లది. 1991 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, విదేశీ కంపెనీ సొంతంగా వచ్చి ఫ్యాక్టరీ పెట్టుకునే వీలు ఏడాదికేడాది పెరిగింది. 1999లో హోండా తన సొంత కంపెనీ పెట్టింది, హోండా మోటార్ సైకిల్ అండ్ స్కూటర్ ఇండియా. ముందు స్కూటర్లే అంది, యాక్టివా వచ్చింది. 2004లో యూనికార్న్‌తో మోటార్ సైకిళ్లలోకీ వచ్చేసింది. ఇప్పుడు చెప్పండి, 26 శాతం వాటా ఉన్న కంపెనీకి హోండా తన కొత్త ఇంజిన్ ముందు ఇస్తుందా, 100 శాతం తనదైన కంపెనీకి ముందు ఇస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎంబీఏ అక్కర్లేదు.

అలా 2010 డిసెంబర్ 16న విడిపోతున్నామని ప్రకటించారు. హోండా తన 26 శాతం వాటా ముంజాల్ కుటుంబానికి అమ్మేసింది, సుమారు 3,842 కోట్లకి, షేర్‌కి 740 రూపాయల చొప్పున. అప్పుడు మార్కెట్లో షేర్ ధర దానికి రెట్టింపు పైనే ఉంది. పేరు కొన్నాళ్లు వాడుకోవచ్చు, 2014 జూన్ దాకా ఉన్న మోడళ్లకి లైసెన్స్ ఉంటుంది, దానికి డబ్బు కట్టాలి. స్ప్లెండర్, ప్యాషన్ లాంటి పేర్లు హీరోకే మిగిలాయి. రచ్చ లేదు, కేసు లేదు. 2011లో హీరో మోటోకార్ప్ అని పేరు మారింది.

ఆ టైంలో చాలామంది హోండా లేకపోతే హీరో పని అయిపోయిందన్నారు. అయిపోలేదు. 2010-11లో 54 లక్షల బళ్లు అమ్మిన కంపెనీ 2018-19లో 78 లక్షలు అమ్మింది. కొలంబియాలో ఫ్యాక్టరీ పెట్టారు, బంగ్లాదేశ్‌లో పెట్టారు, జైపూర్‌లో వందల ఎకరాల్లో ఆర్ అండ్ డి సెంటర్ కట్టారు, మన శ్రీసిటీ దగ్గర కూడా హీరో ప్లాంట్ ఉంది. అయితే ఇంజిన్ నేర్చుకోవడం అంత తేలిగ్గా అవలేదు, అమెరికాలో ఎరిక్ బ్యూల్ రేసింగ్‌లో వాటా కొన్నారు, ఆ కంపెనీ 2015లో దివాలా తీసింది, ఆ డబ్బు పోయింది. పెద్ద బళ్ల విభాగంలో ఇప్పటికీ హార్లే డేవిడ్సన్‌తో మళ్లీ పొత్తే పెట్టుకున్నారు, 2023లో వచ్చిన ఎక్స్ 440 అదే. పాతికేళ్లు కౌలు చేసినవాడు సొంత పొలం కొన్నాక కూడా మొదటి కొన్ని పంటలు కష్టంగానే ఉంటాయి. ఈ మాట నేను హీరోని తక్కువ చేయడానికి అనడం లేదు, పొత్తులో ఉన్నన్నాళ్లూ మనం ఏం నేర్చుకోవాలి అన్నది సంతకం రోజునే ఆలోచించుకోవాలి అని చెప్తున్నాను.

ఈ పాయింట్ దగ్గర టీవీఎస్‌ని చూడండి, అసలు తేడా అక్కడే తెలుస్తుంది. టీవీఎస్, సుజుకి పొత్తు కూడా ఎనభైల్లోదే, హీరో హోండా కంటే ఇంకా ముందే అగ్రిమెంట్ అయింది. వాళ్లది ఇరవై ఏళ్లు దాటలేదు, 2001లో విడిపోయారు. కానీ హోసూరులో టీవీఎస్ ఇంజినీర్లు పొత్తులో ఉండగానే సొంతంగా డిజైన్ చేయడం మొదలుపెట్టారు, స్కూటీ సొంతంగా చేసుకున్నదే, విడిపోయిన ఏడాదే విక్టర్ సొంత ఇంజిన్‌తో తెచ్చారు. సుజుకి వాటా చాలా తక్కువ ధరకి, షేర్‌కి 15 రూపాయలకి కొనుక్కున్నారు, సుజుకి రెండున్నరేళ్లు ఇండియాలో పోటీకి రాకూడదని కూడా రాసుకున్నారు. ఇక్కడున్న ఎంబీఏ పిల్లలు ఈ క్లాజ్ గుర్తుపెట్టుకోండి. రెండున్నరేళ్లంటే చిన్న టైం అనిపిస్తుంది, కానీ కొత్త మోడల్ నిలదొక్కుకోవడానికి అదే ప్రాణం పోసే టైం.

ఆ తర్వాత 2013లో అదే టీవీఎస్ బీఎండబ్ల్యూతో పొత్తు పెట్టుకుంది. ఈసారి ఎలా? హోసూరులో తయారైన 310 సీసీ బండి బీఎండబ్ల్యూ పేరుతో ప్రపంచమంతా వెళ్లింది, అదే ప్లాట్‌ఫాం మీద టీవీఎస్ తన అపాచీ ఆర్‌ఆర్ 310 చేసుకుంది. షేర్లు ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు, ఇద్దరూ కలిసి పెట్టే జాయింట్ వెంచర్ కంపెనీ లేదు. ఈసారి టీవీఎస్ చేతిలో ఏదీ లేకుండా కూర్చోలేదు, తయారీ నైపుణ్యం, డిజైన్ టీం పట్టుకుని కూర్చుంది. మొదటి పొత్తులో నేర్చుకున్నవాళ్లే రెండో పొత్తులో సమానంగా కూర్చుంటారు అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు మారుతి. దీనికి మన తెలుగు లింక్ కూడా ఉంది, చాలామందికి తెలియదు.

మారుతి ఉద్యోగ్ 1981లో ప్రభుత్వ కంపెనీగా పెట్టారు, 1982లో సుజుకితో ఒప్పందం, సుజుకికి 26 శాతం. 1983 డిసెంబర్‌లో మొదటి 800 కారు తాళాలు ఇందిరాగాంధీ గారు ఇచ్చారు. అప్పుడు ప్రభుత్వం తెచ్చినదేంటి? లైసెన్స్, స్థలం, దిగుమతుల అనుమతులు, పోటీ లేని మార్కెట్. అవన్నీ ఆ రోజు బంగారం. సుజుకి తెచ్చినది కారు, కారు తయారుచేసే పద్ధతి. సుజుకి వాటా పెరుగుతూ పోయింది, 1992కి 50 శాతం అయింది.

1997లో గొడవ మొదలైంది. ఒప్పందం ప్రకారం మేనేజింగ్ డైరెక్టర్‌ని ఒకసారి ప్రభుత్వం, ఒకసారి సుజుకి వేస్తారు. ఆ ఏడాది ప్రభుత్వం వంతు. ప్రభుత్వం ఎవరిని వేసింది? ఆర్‌.ఎస్‌.ఎస్‌.ఎల్‌.ఎన్. భాస్కరుడు గారిని. పేరు వింటేనే తెలుస్తుంది కదా మనవారని. మారుతి మొదలైన రోజుల నుంచీ అందులో పనిచేసిన మనిషి. సుజుకి ఒప్పుకోలేదు, ఆయనకి సమర్థత చాలదంది, మమ్మల్ని సంప్రదించలేదంది, కోర్టుకెళ్లింది, మధ్యవర్తులు తీర్పు చెప్పే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కీ వెళ్లింది. 1998లో రాజీ కుదిరింది, భాస్కరుడు గారు 1999 ఆఖరు దాకా ఉంటారు, ఆ తర్వాత జగదీశ్ ఖట్టర్ గారు వస్తారు అని. ఒక తెలుగు ఇంజినీర్ మీద ఇద్దరు పెద్దవాళ్ల తగువు పడింది, ఆయన సమర్థత మీద అన్న మాటలు న్యాయంగా లేవని నా అభిప్రాయం, ఆ కంపెనీ కట్టడంలో ఆయన చెమట ఉంది.

కానీ నిజంగా ఆ గొడవ ఎండీ కుర్చీ గురించేనా? నేననుకోను. 1997 నాటికి డేవూ వచ్చేసింది, హ్యుందాయ్ సాంట్రో వచ్చేస్తోంది, కొత్త మోడళ్లు తేవాలి, ఫ్యాక్టరీ పెంచాలి, వందల కోట్లు పెట్టాలి. సుజుకి పెట్టడానికి సిద్ధం. ప్రభుత్వం తన సగం పెట్టగలదా? పెట్టదు, పెట్టే ఉద్దేశమూ లేదు. లైసెన్స్ రాజ్యం పోయాక 1982లో ప్రభుత్వం తెచ్చిన బంగారం విలువ తగ్గిపోయింది. ఒకరి వంతు సామాను విలువ తగ్గిపోయింది, అధికారం మాత్రం సగానికి సగం ఉంది. ఇదీ ఆ తగువు కింద ఉన్న అసలు సంగతి.

దీన్ని ఎలా తీర్చారో చూడండి, ఇది నాకు చాలా నచ్చిన భాగం. 2002లో సుజుకికి మెజారిటీ ఇచ్చారు, 54 శాతం, దానికి ప్రభుత్వం పెత్తనం వదులుకున్నందుకు కంట్రోల్ ప్రీమియం కింద 1,000 కోట్లు తీసుకుంది. 2003లో షేర్‌ 125 రూపాయలకి పబ్లిక్ ఇష్యూకి వెళ్లింది. 2007కి ప్రభుత్వం మొత్తం బయటికొచ్చేసింది. ఒక్క దెబ్బకి కాదు, మెట్టుమెట్టుగా, ప్రతి మెట్టు దగ్గరా ధర కట్టించుకుని దిగింది. ఈరోజు మారుతి సుజుకి దేశంలో అతిపెద్ద కార్ల కంపెనీ, సుజుకి గ్రూప్ మొత్తానికి ఇండియానే గుండెకాయ. సుజుకి కంపెనీని దశాబ్దాలు నడిపిన ఒసాము సుజుకి గారు 2024లో పోయాక మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది, కోర్టులో కొట్టుకున్న మనిషికే. దీన్ని పొత్తు ఓడిపోయింది అంటారా? నేననను. పొత్తు పని అయిపోయింది, పద్ధతిగా ముగించారు. హీరో హోండా కూడా అంతే. విడిపోవడాన్నీ ఓడిపోవడాన్నీ ఒకే ఖాతాలో రాసే అలవాటు మనం మానుకోవాలి.

మరి విడిపోని పొత్తులు లేవా అంటే ఉన్నాయి. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు రెక్క కింద ఇంజిన్ చూస్తారు కదా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 అయినా, ఆకాశ అయినా, ఆ ఇంజిన్ సీఎఫ్ఎం వాళ్లది. సీఎఫ్ఎం అంటే అమెరికా జీఈ, ఫ్రాన్స్ స్నెక్మా, ఇప్పుడు దాన్ని సఫ్రాన్ అంటున్నారు, వాళ్లిద్దరూ చెరి సగం. 1974లో పెట్టారు. యాభై ఏళ్లు దాటింది, 2021లో ఇంకా 2050 దాకా పొడిగించుకున్నారు.

మొదట్లో వీళ్లకి అన్నీ అడ్డంకులే. జీఈ తేవాల్సిన కోర్ అంటే ఇంజిన్ గుండె, అది బి-1 బాంబర్ కోసం చేసిన మిలిటరీ టెక్నాలజీ నుంచి వచ్చింది, అమెరికా ప్రభుత్వం ఫ్రాన్స్‌కి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 1973లో నిక్సన్, పాంపిడూ ఐస్‌లాండ్‌లో కలిసినప్పుడు ఇది ప్రెసిడెంట్ల స్థాయిలో తేలింది, కోర్ అమెరికాలోనే తయారవ్వాలి అనే షరతు మీద. కంపెనీ పెట్టాక 1979 దాకా ఒక్క ఆర్డర్ లేదు. ఐదేళ్లు! మన దగ్గర ఐదు నెలలు ఆర్డర్ రాకపోతే భాగస్వాములు మొహాలు చూసుకోరు. 1979లో పాత డీసీ-8 విమానాలకి ఇంజిన్ మార్చే ఆర్డర్లు వచ్చాయి, తర్వాత బోయింగ్ 737-300, తర్వాత ఎయిర్‌బస్ ఏ320, ఇక వెనక్కి చూడలేదు. సీఎఫ్ఎం 56 ఇంజిన్లు 30,000 పైనే చేశారు.

ఎందుకు నిలిచింది? రెండు ఏర్పాట్లు గమనించండి. ఒకటి, కోర్ జీఈది, ముందున్న ఫ్యాన్, వెనకున్న లో ప్రెజర్ టర్బైన్ స్నెక్మాది. ఒకరి పని నేర్చేసుకుని రెండోవాణ్ణి పంపించేద్దాం అంటే కుదరదు, అమెరికా ప్రభుత్వం పెట్టిన ఆ షరతే ఇద్దరి మధ్యా గట్టి గట్టు వేసింది, పైగా కొత్త ఇంజిన్ తయారుచేసుకోవాలంటే వేల కోట్ల డబ్బూ పది పదిహేనేళ్ల టైమూ కావాలి, ఒక్కడే మోయలేడు. రెండోది నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. వాళ్లు వచ్చిన ఆదాయాన్నే పంచుకుంటారు, లాభాన్ని పంచుకోరు. ఇంజిన్ అమ్మితే వచ్చిన డబ్బులో నీకు సగం నాకు సగం, నీ భాగం తయారుచేయడానికి నీకెంత ఖర్చయిందో నీ గొడవ. దీనివల్ల ఏం జరుగుతుంది? నువ్వు ఖర్చు ఎక్కువ చూపించావ్, నీ ఓవర్‌హెడ్లు నా నెత్తిన వేశావ్ అనే పేచీకి చోటే లేదు. ఇక్కడ పార్ట్‌నర్‌షిప్‌లు నడిపినవాళ్లకి తెలుసు, తగువుల్లో ఎక్కువ ఖర్చుల లెక్కల దగ్గరే మొదలవుతాయి. ఖర్చు తగ్గించుకుంటే ఆ మిగులు నీదే, కాబట్టి ఇద్దరూ ఎవరి ఫ్యాక్టరీలో వాళ్లు పొదుపుగా చేస్తారు. సఫ్రాన్ వాళ్లు ఇప్పుడు మన హైదరాబాద్‌లో సీఎఫ్ఎం వాళ్ల కొత్త ఇంజిన్ లీప్ భాగాలు తయారుచేస్తున్నారు, రిపేర్ సెంటర్ కూడా పెట్టారు, ఇక్కడ ఏరోస్పేస్ వైపు ఆలోచిస్తున్న చిన్న పరిశ్రమల వాళ్లు ఆ పొత్తు ఎలా నడుస్తుందో తెలుసుకోవడం మంచిది.

ఇక కోర్టు కథ. టాటా డొకోమో. 2009లో సెకనుకి పైసా! అప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లు ఇక్కడున్నారా? ఆఁ, ఉన్నారు. ఆ సిమ్ మన రాష్ట్రంలో మొదట్లోనే వచ్చింది. జపాన్ ఎన్‌టీటీ డొకోమో సుమారు 12,700 కోట్లు పెట్టి టాటాల ఫోన్ కంపెనీలో 26 శాతం పైచిలుకు తీసుకుంది, షేర్ 117 రూపాయలు. సెకన్ బిల్లింగ్ అద్భుతమైన ఐడియా, కానీ కాపీ కొట్టడానికి ఎంతసేపు పడుతుంది? కొద్ది నెలల్లో అందరూ అదే పెట్టేశారు. రేట్లు పడిపోయాయి, 3జీ వేలానికి కోట్లు పోశారు, నష్టాలు పేరుకుపోయాయి.

అగ్రిమెంట్లో ఏం రాసుకున్నారంటే ఐదేళ్ల తర్వాత డొకోమో వెళ్లిపోతానంటే టాటాలు కొనేవాణ్ణి వెతికిపెట్టాలి, న్యాయమైన ధరా లేక పెట్టిన దాంట్లో సగమా, ఏది ఎక్కువైతే అది రావాలి. 2014లో డొకోమో వెళ్తానంది. సగం అంటే షేర్‌కి 58 రూపాయల పైన, అప్పటికి కంపెనీ విలువ అంత లేదు. టాటాలు కడతామన్నా రిజర్వ్ బ్యాంక్ ఒప్పుకోలేదు, విదేశీ ఇన్వెస్టర్‌కి ముందే గ్యారంటీ ధర ఇచ్చి పంపించడం నిబంధనలకి విరుద్ధం అంది. లండన్ ఆర్బిట్రేషన్‌లో 2016లో 117 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది. 2017 ఫిబ్రవరిలో ఇద్దరూ రాజీకొచ్చారు, ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఒప్పుకుంది, డబ్బు కట్టారు.

ఇందులో వ్యాపారం చెడిపోవడం ఒక సంగతి, బయటికెళ్లే దారి సరిగ్గా లేకపోవడం ఇంకో సంగతి. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ మాట మీద నిలబడదామనే అనుకున్నారు, అయినా మూడేళ్లు ఆ గొడవలోనే పోయాయి. ఎందుకంటే ఆ క్లాజ్ రాసిన రోజున ఇది మన దేశ చట్టం ఒప్పుకుంటుందా అన్నది తేల్చుకోలేదు. పెద్ద లాయర్లు ఉన్న కంపెనీలకే ఇలా అయితే మన సంగతేంటి?

రెనో, నిస్సాన్ గురించి కూడా రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను, టైం అయిపోతోందని నిర్వాహకులు చూస్తున్నారు. 1999లో నిస్సాన్ అప్పుల్లో మునిగి ఉంది, రెనో 540 కోట్ల డాలర్లు పెట్టి 36.8 శాతం తీసుకుని నిలబెట్టింది. తర్వాత రెనోకి నిస్సాన్‌లో 43 శాతం, ఓటుతో సహా. నిస్సాన్‌కి రెనోలో 15 శాతం, ఓటు లేకుండా. 1999లో ఇది న్యాయమే, కాపాడినవాడికి పెత్తనం. తర్వాత నిస్సాన్ రెనో కంటే ఎక్కువ కార్లు అమ్మే కంపెనీ అయింది, ఓటు మాత్రం రాలేదు. 2018లో రెండు కంపెనీలకీ ఛైర్మన్‌గా ఉన్న కార్లోస్ ఘోన్ అరెస్ట్ అయ్యాక అందరూ ఆయన కథే చెప్పుకున్నారు, కానీ ఆయన ఉన్నా లేకపోయినా ఆ వాటాల తేడా జపాన్ వాళ్ల మనసులో ఇరవై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. చివరికి 2023లో చెరి 15 శాతానికి సమానం చేసుకున్నారు, అప్పటికి చాలా ఆలస్యం అయిపోయింది. మనకి దగ్గర్లో చెన్నై ఒరగడం ఫ్యాక్టరీ ఇద్దరూ కలిసి పెట్టిందే, 2025లో నిస్సాన్ వాటా కూడా రెనోయే తీసేసుకుంది.

ఇప్పుడు ముందు వరసల్లో కూర్చున్న చిన్న పరిశ్రమల వాళ్లకి ఒక మాట. మీరు ఇలాంటి రెండు పెద్ద కంపెనీల జాయింట్ వెంచర్‌కి పార్ట్‌లు సప్లై చేస్తున్నారనుకోండి. వాళ్లు విడిపోయిన రోజు మీ పరిస్థితేంటి? డ్రాయింగ్ ఎవరి పేరు మీద ఉంది? డై, అంటే పార్ట్ తీసే అచ్చు, ఎవరిది, డబ్బు పెట్టింది మీరా వాళ్లా? క్వాలిటీ అప్రూవల్ ఇచ్చేది ఏ వైపు ఇంజినీర్లు? డ్రాయింగ్ విదేశీ కంపెనీదైతే, విడిపోయాక అదే పార్ట్ మీరు ఇండియన్ కంపెనీకి అమ్మొచ్చా? ఇవి ఆర్డర్ చేతికొచ్చే ముందే, కాగితం మీద అడగాలి. ఆర్డర్ వచ్చిన ఆనందంలో అడగం, నాకు తెలుసు, అడిగితే ఆర్డర్ పోతుందేమోనని భయం. మర్యాదగా అడిగితే ఆర్డర్ పోదు, పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో బుద్ధున్నవాళ్లు మీకు ఇంకో రెండు మార్కులు ఎక్కువే వేస్తారు. పేపర్లో ఆ రెండు కంపెనీల వార్తలు కూడా చదువుతూ ఉండండి. విదేశీ కంపెనీ 100 శాతం సొంత కంపెనీ రిజిస్టర్ చేసిందని వార్త వస్తే, హోండా విషయంలో 1999లో ఆ వార్తకీ 2010లో విడిపోవడానికీ మధ్య 11 ఏళ్లు ఉంది, అంటే తయారవడానికి మీకు చాలా టైం ఉంటుంది, ఆ రోజు నుంచే ఇంకో కస్టమర్‌ని వెతకడం మొదలుపెట్టండి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. ఆ మూడో వరసలో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు తనకి మైక్ ఇవ్వండి.